నీళ్ళను కూడా నమ్మని నగరేశ్వరరావు బావ

మా నగరేశ్వరరావు బావకి అనుమానం. ఫలానా దాని మీద అని కాదు, అన్నిటి మీదా. అందరికీ ఆకలీ నిద్రా ఎలాగో ఆయనకి అనుమానం అలాగ. పొద్దున్న కళ్ళు విప్పగానే "తెల్లారిందంటావా?" అని మా అక్కని అడిగేవాడు. తెల్లారిందని ఆవిడ చెప్తే నమ్మేవాడు కాదు. వెళ్ళి వీధి తలుపు తీసి, చూసి, అప్పుడు పళ్ళపొడి కోసం వెతుక్కునేవాడు.

రాజాం బజార్లో ఆయనది నూనె కొట్టు, దాని వెనకే ఇల్లు. కొట్టుని ఆనుకుని నాది గుడ్డల కొట్టు. నడుమ ఒకటే గోడ. ఆ గోడ అవతల్నించి రోజంతా నాకు వినిపించే మాట ఒక్కటే, "నువ్వు సూసావా?"

"బావా, నెల్లిమర్లలో పెద్ద గాలివానట. మిల్లు పక్కన రేకులన్నీ లేచిపోయాయట," అనేవాణ్ణి.

"నువ్వు సూసావా?"

"నేనెక్కడ చూశాను? పేపర్లో వేశారు."

"పేపరోడు సూసాడా?"

"చూసే ఉంటాడు."

"అంత గాలివానలో వాడి కాయితం తడవకుండా ఎలగుండిపోయింది?"

నా కొట్టుకొచ్చి తాన్లు మడతపెట్టుకునేవాణ్ణి.

ఆయన పెళ్ళి సంగతి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. మిట్టమధ్యాహ్నం మా అక్క కన్యకాపరమేశ్వరినీ ఆయన్నీ పందిట్లోంచి బయటికి తీసుకొచ్చి, పురోహితుడు ఆకాశం వైపు వేలు చూపించి, "అదిగో అరుంధతి, కనపడిందా నాయనా?" అన్నాడు. లోకంలో పెళ్ళికొడుకులందరూ ఈ మాటకి "కనపడింది" అనేసి లోపలికెళ్ళి భోంచేస్తారు. మా బావ చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని, మెడ నొప్పి పుట్టేదాకా చూశాడు.

"ఎక్కడండీ?"

"అదిగో, ఉత్తరాన."

"అక్కడ గెద్ద ఉన్నాది."

"గెద్దకి పైన."

"పైన ఏటీ లేదు. మీకు కనపడతన్నాదా?"

పురోహితుడు నిజాయితీపరుడు, పైగా ఆకలి మీద ఉన్నాడు. "పగలు కదా నాయనా, నాకూ కనపడదు," అన్నాడు. "మీకూ కనపడక, నాకూ కనపడక, మరి కనపడిందని ఎవరికి సెప్పమంటారు?" అని మా బావ అక్కడే పీట వేయించుకుని కూర్చున్నాడు. మా నాన్న బతిమాలాడు, మేనమామలు బతిమాలారు, వంటవాళ్ళు పులుసు చల్లారిపోతోందని మొత్తుకున్నారు. లాభం లేకపోయింది. చుక్కలు పొడిచి, అరుంధతిని కళ్ళారా చూశాకే లేచాడు. ఊరంతా ఇదెక్కడి అల్లుడు బాబోయ్ అనుకున్నారు. మా అక్క మాత్రం సంతోషించింది. "చూడందాన్ని చూశానని చెప్పడు. ఇంకేం కావాలి?" అంది.

అలాంటి మనిషి ఇంట్లో కూర్చుని నీళ్ళని కరెంటుతో చీల్చాడు. ఎందుకు చీల్చాడో చెప్పాలంటే ముందు దాలమ్మ సంగతి చెప్పాలి.

విశాఖపట్నం మీద జపానువాడు బాంబులు వేసిన మరుసటేడు. దాలమ్మ మా బజారుకి తోటకూర, గోంగూర తెచ్చి అమ్మేది. ముసలిది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఊరి చివర తంపర గట్టు మీద గుడిసె. తంపరంటే ఏడాది పొడుగునా నీరు నిలిచి ఉండే బురదనేల. కాలు పెడితే మోకాలి దాకా దిగిపోతుంది. అక్కడ ఇంకెవరూ ఉండరు. దాలమ్మ రోజూ మొదటి బేరం మా బావ కొట్టు దగ్గరే పెట్టేది, రోజూ తగువే.

"ఈ కట్టలో ఆకెంత, నీళ్ళెంత?" అని మా బావ కట్టని దులిపేవాడు.

"నీళ్ళు సల్లకపోతే వడిలిపోదేటి సావుకారా?"

"అయితే నాను కొన్నది కూరా, నీళ్ళా?"

"నీకు అమ్మేకంటే గొడ్డుకేసుకుంటే నయం. అదైతే దులపదు," అని దాలమ్మ తిట్టుకుంటూ వెళ్ళేది. మర్నాడు మళ్ళీ అక్కడికే వచ్చేది.

అదే ఊళ్ళో గంగులని ఒక రైతు. ఒక సాయంత్రం తప్పిపోయిన గేదెని వెతుక్కుంటూ తంపర గట్టు మీదకెళ్ళాడు. చుట్ట వెలిగించుకుని, అగ్గిపుల్ల నీళ్ళ మీదకి విసిరాడు. నీళ్ళు భగ్గుమన్నాయి! నీలం మంట ఒకటి నీళ్ళ మీద పాక్కుంటూ దాలమ్మ గుడిసె వైపు పోయిందట. గంగులు ఇటువైపు పారిపోయాడు. గేదె దొరికింది గానీ మర్నాటి నుంచి చుక్క పాలివ్వలేదు. మంటకీ పాలకీ గంగులు ముడిపెట్టాడు. దాలమ్మ చిల్లంగి పెట్టిందన్నాడు.

చిల్లంగి అంటే మా వైపు చేతబడి. ఇంట్లో జబ్బొచ్చినా, గొడ్డు పోయినా, ఎవరో చిల్లంగి పెట్టారంటారు. ఆ ఎవరో ఎప్పుడూ దిక్కులేని ముసలిదే అవుతుంది గానీ, కొడుకులున్న ముసలిది ఎన్నడూ అవదు. నేరం రుజువైందనుకుంటే పళ్ళు ఊడగొట్టి ఊరు దాటించేస్తారు. పళ్ళు లేకపోతే మంత్రం నోరు తిరగదని వాళ్ళ నమ్మకం. దాలమ్మకి ఉన్నవే నాలుగు పళ్ళు.

బుగత నరసింగరావు నాయుడుగారి కళ్ళంలో పంచాయితీ పెట్టారు. నాయుడుగారంటే ఆ ఊరికి పెద్ద, ఆయన మాటే తీర్పు. దాలమ్మని మధ్యలో కూర్చోబెట్టారు. మా బావ నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు.

"ఒరే గంగులూ, నీళ్ళు మండడం నువ్వు సూసావా?" అన్నాడు అలవాటుగా.

"సూసాను బాబూ! ఈ రెండు కళ్ళతోటీ సూసాను!"

పుట్టి బుద్ధెరిగాక ఆయన ప్రశ్నకి ఔనన్నవాడు గంగులొక్కడే. మా బావ కండువా దులిపి మళ్ళీ భుజాన వేసుకుని, "సరే, మంట సూసావు. దాలమ్మ పెట్టడం సూసావా?" అన్నాడు.

"అది పెట్టకపోతే ఎలగ మండుతాయి బాబూ? నీళ్ళు వాటంతటవే మండుతాయేటి?"

"నీళ్ళు మండుతాయేటి?" అన్నారు జనమందరూ. నాయుడుగారు కూడా మీసం దువ్వుకుని, "అదే కదా. నీళ్ళు మండవు కదా," అన్నారు. దాలమ్మ బతుకు అక్కడొచ్చి ఆగింది. నీళ్ళు వాటంతటవి మండుతాయని తేలితే బతికిపోయినట్టు, తేలకపోతే ఆ నాలుగు పళ్ళూ పోయినట్టు.

అప్పుడు మా బావ లేచి, "నాయుడుగారూ, నాను ఎవర్నీ నమ్మను. గంగుల్ని నమ్మను. ఈ దాలమ్మని అసలే నమ్మను," అన్నాడు. నేను ఆయన చొక్కా పట్టి లాగాను. ఆయన ఆగలేదు. "ఇవాళ దీన్ని ఊరు దాటించీసారనుకోండి. దూరాన్నించి ఏటి సేస్తాదో ఎవరు సూడొచ్చారు? మన కళ్ళ ముందుంటేనే నయం. నా పెరట్లో పడీయండి, నాను కాపలా కాస్తాను. ఈలోగా నీళ్ళు మండుతాయో లేదో సొంతంగా సూసుకుంటాను. సూడకుండా తీర్పు సెప్తే నాను ఒప్పుకోను. పున్నమి దాకా టైమియ్యండి."

జనం సరేనంటే సరేనన్నారు. బజార్లో అంతకన్నా అనుమానం మనిషి ఎవడున్నాడు? ఆయన కాపలాలో దోమ కూడా అనుమతి లేకుండా కుట్టదని వాళ్ళ ధీమా.

తోవలో నాకు ఒళ్ళు మండిపోయింది. "దిక్కులేనిదాన్ని పట్టుకుని ఖైదు చేస్తావా బావా? నీ అనుమానం తగలెయ్యా!" అన్నాను.

"నువ్వు నోరు ముయ్యి," అన్నాడు మా బావ.

పెరట్లో పిడకలు దాచుకునే పాకలో దాలమ్మని పెట్టాడు. ఆ వెంటనే ఆజ్ఞలు మొదలయ్యాయి. మా అక్కని పిలిచి, "ఇదిగో, కడుపు కాలితే సిల్లంగి గట్టిగా పనిసేస్తాదట. కడుపు నిండా పెట్టు," అన్నాడు.

"ఎవరు చెప్పారండీ?" అంది మా అక్క.

"ఎవరైతే నీకేటి? పెరుగు కూడా వెయ్యి. పులుపు తగిల్తే మంత్రం విరుగుతాదేమో సూద్దాం."

మర్నాడు మళ్ళీ పిలిచాడు. "రాత్రి అది వణికిందట. సలికి వణికిందో, మంత్రం సదివిందో ఎలగ తెలస్తాది? రగ్గు ఇచ్చి సూడు. అప్పుడు కూడా వణికితే మంత్రమే." రగ్గు ఇచ్చాక వణకలేదు. ఆ మర్నాడు దాని చీర చిరుగులోంచి ఏదో శక్తి లోపలికీ బయటికీ తిరుగుతోందని అనుమానం వచ్చి, నా కొట్లోంచి కొత్త కోక చింపించాడు. నేను తిట్టుకుంటూనే ఇచ్చాను. దాలమ్మ కూడా పాకలోంచి తిడుతూనే ఉండేది, "నీ అనుమానం మీద మన్నెయ్య! నన్ను సంపినా సంపెయ్ గాని ఇలగ పొద్దత్తమానం తొంగి సూడకు!" అని. తిట్టి, పెరుగన్నం కలుపుకునేది.

ఇక నీళ్ళ సంగతికొచ్చాం. విజయనగరం కాలేజీలో నేను ఇంటర్ దాకా వెలగబెట్టాను కదా, ఆ గర్వంతో చెప్పాను. "నీళ్ళంటే రెండు గాలులు బావా. హైడ్రోజనూ ఆక్సిజనూ. కరెంటు పంపిస్తే విడిపోతాయి. అందులో ఒకటి మండుతుంది."

"నువ్వు సూసావా?"

"చదివాను."

"సదివావు. సూసావా?"

"మా లెక్చరరుగారు బోర్డు మీద బొమ్మ గీసి చూపించారు."

"బొమ్మ మండిందా?"

అంతటితో నా చదువు గాలికి పోయింది. ఎలా చెయ్యాలో మాత్రం చెప్పించుకున్నాడు.

మా రాజాంలో అప్పటికి కరెంటు దీపం లేదు. పెట్రోలు దొరక్క ఒక బస్సు మా వీధి చివర మూలపడి ఉండేది. దాని బ్యాటరీ ఇమ్మని డ్రైవరుని అడిగాడు. ఇందులో కరెంటు ఉందని రుజువేమిటని తీగలు రెండూ తాకించి నిప్పురవ్వ చూసి, అది వాడి బీడీ నిప్పేమోనని వాణ్ణి దూరంగా నిలబెట్టి మళ్ళీ చూసి, అప్పుడు మోయించుకొచ్చాడు. చచ్చిపోయిన టార్చిలైటు బ్యాటరీలు పగలగొట్టి మధ్యలో ఉండే నల్ల పుల్లలు రెండు తీశాం. వాటికి తీగలు చుట్టి, పింగాణీ గిన్నెలో నీళ్ళు పోసి, అందులో పుల్లలు నిలబెట్టి, ఒక్కొక్క పుల్ల మీద నీళ్ళు నింపిన అత్తరు సీసా ఒకటి బోర్లించాం. నీళ్ళలోంచి గాలి పుడితే సీసాలోకి ఎక్కి, నీళ్ళని కిందకి తోస్తుందన్నమాట.

ఊరికే నీళ్ళయితే కరెంటు సరిగా పారదన్నాను. "ఉప్పెయ్యనా?" అన్నాడు. వెయ్యమన్నాను. గుప్పెడు వేశాడు. బుడగలు వచ్చాయి. వాటితోపాటు గొంతు పట్టేసే ఘాటు ఒకటి లేచింది! ఇద్దరం కళ్ళమ్మట నీళ్ళు కార్చుకుంటూ వీధిలోకి పరిగెత్తాం. మా బావ దగ్గుకుంటూనే, "ఈ ఉప్పులో ఏదో కలిపీసారు!" అన్నాడు. ఉప్పమ్మిన వాడి కొట్టుకెళ్ళి వాడి చేత వాడి ఉప్పే తినిపించాడు. పాపం వాడు తిన్నాడు, దాహంతో అల్లాడాడు గానీ దగ్గలేదు. ఇంటికొచ్చి నా కాలేజీ పుస్తకం తిరగేస్తే, ఉప్పేస్తే క్లోరిన్ అనే విషపు గాలి వస్తుందని ఉంది. ఆ పేజీ నేను చదవలేదు. ఉప్పు బదులు బట్టల సోడా వేశాం.

ఈసారి ఘాటు లేదు. చుట్ట కాల్చేంత సేపట్లో ఒక సీసాలోకి నిండా గాలి ఎక్కింది. రెండో సీసాలో సగమే.

"సగం ఎవడు తినీసాడు?" అన్నాడు మా బావ నా వైపు చూస్తూ.

"నేనేం తింటాను బావా? నీళ్ళలో అది రెండొంతులు, ఇది ఒకవంతు. పుస్తకంలో అలాగే ఉంది."

"సీసాకి సిల్లుండి ఉంటాది." సీసాలు అటూ ఇటూ మార్చాడు. మళ్ళీ అంతే. గిన్నె వాలుగా ఉందేమోనని కింద రాయి పెట్టాడు. అంతే. చివరికి బ్యాటరీ దగ్గర తీగలు తారుమారు చేశాడు. అప్పుడు సగం నిండే సీసా పూర్తిగా నిండి, పూర్తిగా నిండేది సగం నిండింది. మా బావ వెనక్కి వాలి, "పుస్తకంలో సరిగ్గానే రాసాడు," అన్నాడు. ఒక పుస్తకంలో మాటని ఆయన నమ్మడం నేను చూసింది అదొక్కసారే.

నిండిన సీసాని బోర్లించే పట్టుకుని పైకి తీసి, మూతి దగ్గర అగ్గిపుల్ల పెట్టాడు. ఫట్! మీసం కుడి కొస కమిలిపోయింది. మా అక్క వంటింట్లో గరిట పడేసింది. దాలమ్మ పాకలోంచి "ఓలమ్మో, సావుకారి పేలిపోనాడు!" అని కేకేసింది. మా బావ మాత్రం కమిలిన మీసంతో నవ్వుతూ నిలబడ్డాడు.

"సూసాను," అన్నాడు. "ఇప్పుడు సూసాను."

యుద్ధం రోజులు కదా, ఆ ఫట్ మనే చప్పుడు రోజూ వింటే బజారు ఊరుకుంటుందా? నగరేశ్వరరావు బాంబులు చేస్తున్నాడని ఒకడు, జపానువాడికి వైర్‌లెస్సు పంపుతున్నాడని ఒకడు. ఒక మధ్యాహ్నం కానిస్టేబుల్ వచ్చాడు. "ఏటి సావుకారూ, ఇంట్లో ఏటి సేస్తన్నావు? అనుమానంగా ఉన్నాది," అన్నాడు.

అనుమానం అన్న మాట మా బావ దగ్గర అనొచ్చా? ఆయన కానిస్టేబుల్ని తలపాగా నుంచి చెప్పుల దాకా చూసి, "నువ్వు కానిస్టేబులువేనా?" అన్నాడు.

"కనపడతల్లేదా? డ్రెస్సు లేదేటి?"

"డ్రెస్సు మా బామ్మర్ది కొట్లో గుడ్డ సింపి కుట్టించుకుంటే నాకూ ఉంటాది. జపానోడు పంపినోడివి కాదని ఏటి రుజువు?"

కానిస్టేబుల్ బెల్టు బిళ్ళ చూపించాడు. బిళ్ళ దొరికినదేమో అన్నాడు మా బావ. కానిస్టేబుల్ తన ఊరూ తండ్రి పేరూ చెప్పాడు. ఆ ఊళ్ళో రావిచెట్లు ఎన్నున్నాయో చెప్పమన్నాడు మా బావ. ఆఖరికి పాపం ఆ కానిస్టేబుల్, తాను కానిస్టేబులునేనని నన్ను సాక్ష్యం చెప్పమని బతిమాలుకుని, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. నీళ్ళు తాగేముందు, "ఇవి పేలవు కదా?" అని అడిగాడు.

పున్నమి వచ్చింది. సాయంత్రం కాకముందే నూనె కొట్టు ముందు జనం కిటకిటలాడిపోయారు. నాయుడుగారికి కుర్చీ వేశారు. గంగులు ముందు వరసలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దాలమ్మ గుమ్మం పక్కన కొత్త కోక కొంగు నోట్లో కుక్కుకుని ఒదిగి కూర్చుంది. నాకు దాని వైపు చూడ్డానికి మనసొప్పలేదు.

మా బావ గిన్నె, బ్యాటరీ, సీసాలు అరుగు మీద పెట్టి, "నీళ్ళు నాను తేను. నాను తెస్తే మీకు అనుమానం. మీ ఇళ్ళలోంచి మీరే తెండి. సోడా మీ సాకలి దగ్గర్నించి మీరే తెండి. అగ్గిపెట్టి మీదే," అన్నాడు.

నాయుడుగారు ఇంటికి మనిషిని పంపి, తాము తాగే నీళ్ళ బిందె తెప్పించారు. బిందె వెనకాలే ఆయన భార్య జగ్గమ్మగారు కూడా వచ్చారు. ఊరు నాయుడుగారికి భయపడుతుంది, నాయుడుగారు జగ్గమ్మగారికి భయపడతారు. "నా బిందె నాకు క్షేమంగా రావాల," అని ఆవిడ వచ్చి నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డారు.

నీళ్ళు పోశాం, సోడా వేశాం, తీగలు తగిలించాం. బుడగలు బారులు తీరి పైకి లేచాయి. సీసా నిండగానే మా బావ దాన్ని బోర్లించే పట్టుకుని నాయుడుగారి ముందుకి వెళ్ళి, "మీ నీళ్ళు, మీ సోడా, మీ అగ్గిపుల్ల. మీ సేత్తో మీరే ముట్టించండి," అన్నాడు. నాయుడుగారు మొహం పక్కకి తిప్పుకుని, కళ్ళు మూసుకుని, పుల్ల గీసి చెయ్యి చాపారు.

ఫట్!

ముందు వరస వెనక వరస మీద పడింది. "మండినాయి! నాయుడు బాబు ఇంటి నీళ్ళు మండినాయి!" అని కేకలు. మా బావ మొహం గంభీరంగా పెట్టి, చాలా బాధపడుతున్నవాడిలా, "నాకు ఇప్పుడో అనుమానం వచ్చింది నాయుడుగారూ," అన్నాడు.

"ఏటది?"

"దాలమ్మ నా పెరడు దాటలేదు. మరి మీ ఇంటి నీళ్ళు మండినాయంటే, మీ ఇంట్లో సిల్లంగి ఎవరు?"

అందరి కళ్ళూ ఒక్కసారి జగ్గమ్మగారి వైపు తిరిగాయి. ఆవిడ రెండో చెయ్యి కూడా నడుం మీద వేశారు. "ఏటీ? నా ఇంట్లో నీళ్ళు తోడేది నాను. ఎవడురా సిల్లంగన్నాడు? ఏటండీ, మీరేటి మాటాడరు?"

నాయుడుగారు కుర్చీలోంచి లేచిపోయారు. "నీళ్ళన్నాక మండుతాయి! ఎందుకు మండవు? మా తాతల నాటి నించీ మండుతన్నాయి!" అన్నారు.

"ఆగండి, తొందరపడకండి," అన్నాడు మా బావ. "ఊరందరి నీళ్ళూ సూసీదాకా నాను ఎవర్నీ నమ్మను. వరసగా రండి. ముందు గంగులు ఇంటి నీళ్ళు."

"మా ఇంట్లో నీళ్ళు లేవు బాబూ!" అన్నాడు గంగులు. వెనకనున్నవాళ్ళు చెంబులు కోకల చాటున దాచుకున్నారు. కొందరైతే అక్కడికక్కడే తాగేశారు. మా బావ గంగుల్ని వదల్లేదు. "నీ గేదెని సూసొచ్చాను. కడుపుతో ఉన్నాది, వట్టిపోదేటి? నువ్వు సూసావా?" అన్నాడు. గంగులు చూడలేదు. ఇంట్లోవాళ్ళెవరూ చూడలేదు. నాయుడుగారు అంత సేపు తనలో దాచుకున్న కోపమంతా గంగులు మీద చూపించారు. దాలమ్మకి ఏ సంబంధమూ లేదని, ఇంకెవడైనా ఆ మాటెత్తితే వాడి పళ్ళు రాలగొడతామని తీర్పు చెప్పారు.

అంతా అయిపోయింది కదా, నాలో ఉన్న ఇంటర్ చదువు ఊరుకోలేదు. "అయితే నాయుడుగారూ, తంపర మీద మండింది ఈ హైడ్రోజను కాదు, అది బురద కుళ్ళితే వచ్చే వేరే..." అని మొదలెట్టాను. మా బావ నా కాలి మీద తన కాలేసి, నిండు మనిషి బరువంతా మోపాడు. "ఏటంటున్నాడు మీ బామ్మర్ది?" అన్నారు నాయుడుగారు. "అదీ ఇదీ ఒకటే అంటన్నాడు," అన్నాడు మా బావ.

జనం వెళ్ళిపోయాక కాలు రుద్దుకుంటూ అడిగాను. "రెండూ ఒకటి కాదు బావా. నీకు తెలీదు."

"తెలుసురా. తంపర గాలి సీసాలో పట్టి సూసాను. అది మెల్లగా మండుతాది, నీలంగా. ఇది ఫట్ మంటాది. ఒకటెలగవుతాది?"

"మరి ఒకటేనన్నావేం?"

"తంపరదే అని సెప్తే, ఆ తంపర గట్టు మీద ఉన్నది దాలమ్మే కదా అంటారు. మళ్ళీ దాని పీకకే సుట్టుకుంటాది. జగ్గమ్మగారి బిందెలో నీళ్ళయితే ఎవడు నోరెత్తుతాడు?"

"అంటే అబద్ధం చెప్పావు. నువ్వు!"

"నాను అబద్ధమాడ్డం నువ్వు సూసావా?"

"చూశాను," అన్నాను.

గంగులు తర్వాత ఆ ప్రశ్నకి ఔనన్నవాణ్ణి నేనే. మా బావ గిన్నెలో నీళ్ళు పారబోసే పని పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. పెరుగు, రగ్గు, కోక ఒక్కొక్కటీ నాకు అప్పుడు అర్థమయ్యాయి. ఊరందరి అనుమానం నుంచి ఒక ముసలిదాన్ని దాచడానికి ఆయన దగ్గరున్న చోటల్లా తన అనుమానమే. ఇన్నాళ్ళూ ఆయన్ని తిట్టుకున్నందుకు సిగ్గేసింది, ఆయన మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది.

ఇంతలో దాలమ్మ మూట పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. పళ్ళు నాలుగూ ఉన్నాయి. రగ్గు మడిచి అరుగు మీద పెట్టింది.

"సావుకారా, నీ అనుమానం తీరిపోనాదా?"

"తీరిపోనాది. ఇంక నీ గుడిసెకి నువ్వు ఎల్లిపో."

దాలమ్మ కదల్లేదు. మూట ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"మొత్తం తీరిపోనాదేటి? కూసింతైనా మిగల్లేదా బాబూ?"

"ఏం?"

"ఏటీ లేదు. నన్ను అనుమానించినోళ్ళు సానామంది. అనుమానించి పెరుగేసినోడివి నువ్వొక్కడివే."

మా బావ దాని మొహం వైపు చూశాడు, మూట వైపు చూశాడు, వీధి వైపు చూశాడు. కమిలిన మీసం దువ్వుకున్నాడు. ఆఖరికి గట్టిగా దగ్గి, "ఆగాగు. నీ ఎడం కన్ను ఏటో అదురుతన్నాది. నాకు ఇంకా పూర్తిగా నమ్మకం కుదర్లేదు. పొద్దున్న ఎక్కడన్నా కూరమ్ముకో గాని, పొద్దుపోయీసరికి నా కళ్ళ ముందుండాల. తెలిసిందా?" అన్నాడు. లోపలికి తిరిగి, "ఇదిగో, దీనికి కూడా రెండు గిద్దలు బియ్యం పొయ్యి," అని కేకేశాడు.

లోపల మా అక్క అప్పటికే దాలమ్మకి విస్తరి వేసి, పెరుగు గిన్నె పక్కన పెట్టేసింది.